ఉద్యోగం పోయిన రోజున ఏ దేశం మంచిది?

సికింద్రాబాద్ ఎస్.డి. రోడ్డులో, కుమ్మరిగూడ దగ్గర ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉంది. అక్కడికి కొద్ది దూరంలో, బేగంపేట పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 మార్చి దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది. ఆ తర్వాతే నానక్‌రాంగూడకు తరలింది. అంటే దాదాపు పదిహేనేళ్లపాటు పరాయి దేశం పోవాలనుకున్న తెలుగువాడి తొలి మజిలీలు ఈ చుట్టుపక్కలే పడ్డాయి. ఆ గాలి ఇంకా పోలేదు. పెళ్లి భోజనాల బంతిలో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, మోండా మార్కెట్‌లో కూరలు ఏరుకుంటూ కూడా "మా వాడికి ఏ దేశమైతే బాగుంటుందండీ?" అని అడుగుతారు. అడిగేవాళ్లకు కావలసింది ఒక్క పేరు. అమెరికానా, కెనడానా, జర్మనీనా?

ఆ ఒక్క పేరు చెప్పడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. ఎవరి అబ్బాయి ఎక్కడ స్థిరపడితే వాళ్లకు అదే మంచి దేశం. నా అభిప్రాయం వేరు. జీతం వచ్చే రోజున ప్రతి దేశమూ బాగానే ఉంటుంది. ఉద్యోగం పోయిన రోజున, జబ్బు చేసిన రోజున, ఇంటి మనిషి హఠాత్తుగా కన్నుమూసిన రోజున, ఇక్కడ అమ్మకో నాన్నకో కాలు జారి తుంటి విరిగిన రోజున ఆ దేశపు చట్టం మనకు ఏమిస్తుంది, ఏం లాక్కుంటుంది అన్నది చూసి ఎంచుకోవాలి. ఈ వ్యాసంలో దేశాలన్నిటినీ ఆ ఒక్క గీటురాయి మీదే గీసి చూస్తాను.

ముందు ర్యాంకుల సంగతి. ఏటా పత్రికల్లో వచ్చే జాబితాలు చూసి మనవాళ్లు దేశాల మీద ఒక అంచనాకు వస్తారు. మెర్సర్ సంస్థ 2019లో వేసిన జీవన నాణ్యత జాబితాలో వియన్నా వరసగా పదోసారి మొదటి స్థానంలో నిలిచింది; హైదరాబాద్, పుణే 143వ స్థానంలో ఉన్నాయి, భారతీయ నగరాల్లో అదే ఎక్కువ. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2025 జాబితాలో కోపెన్‌హేగన్ మొదటిది. ప్రవాసుల్నే ప్రశ్నలడిగి ఇంటర్‌నేషన్స్ తయారుచేసే జాబితాలో 2024లోనూ 2025లోనూ పనామా మొదటి స్థానంలో ఉంది, కువైట్ అట్టడుగున ఉంది.

ఈ జాబితాలు అబద్ధమని అనను. అవి ఎవరి కోసం తయారవుతాయో చూడాలి. మెర్సర్ లెక్కలు బహుళజాతి సంస్థలు తమ ఉద్యోగిని ఒక నగరానికి పంపేటప్పుడు ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి పనికొస్తాయి. పనామా ఇష్టపడేవాళ్లలో సొంత దేశపు పింఛను చేతికందుతున్న పాశ్చాత్యులు చాలామంది. మన పాస్‌పోర్టుతో, మన చదువుతో, వెనక ఉన్న అప్పుతో బయల్దేరే మనిషికి ఆ లెక్క అతకదు. అట్టడుగున ఉన్న కువైట్‌కే కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా జనం పోతున్నారు. రాజంపేట, రాయచోటి వైపు ఎన్నో ఇళ్లకు స్లాబు పడింది కువైట్ దినార్లతోనే. ఆ ఇంటి ఇల్లాలి దగ్గర ర్యాంకుల మాటెత్తితే వినదు. వినకపోవడానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి.

మంచి దేశం అనేది ఎప్పటికీ మంచి దేశంగా ఉండిపోదని తెలుగువాళ్లకు చరిత్రే నేర్పింది. ఒకప్పుడు ఉత్తరాంధ్రలో, గోదావరి తీరంలో పెద్ద కొలువంటే రంగూన్ కొలువే. 'రంగం పోయి' రెండు డబ్బులు వెనకేసుకుని వచ్చినవాడికి పిల్లనిచ్చేవారు. కాకినాడ దగ్గరి కోరింగ రేవు నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి రంగూన్‌లో మనవాళ్లను కోరంగీలు అన్నారు. ఓడరేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ వాళ్లే. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె చివరికి అల్లర్లుగా మారి ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షల మంది భారతీయులు అరకాన్, అస్సాం కొండదారుల్లో కాలినడకన వెనక్కి వచ్చారు. మిగిలినవాళ్లలో ఎందరినో 1962 తర్వాత నే విన్ సైనిక ప్రభుత్వం, దాని జాతీయీకరణ కట్టుబట్టలతో తరిమేశాయి. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంప్ ఆ తిరుగు ప్రయాణానికి మిగిలిన ఆనవాలు. వెళ్లినవాళ్లెవరూ తెలివితక్కువ వాళ్లు కారు. వెళ్లిన నాటికి బర్మా నిజంగానే మంచి దేశం. కాకపోతే ఆ దేశంలో వాళ్లకు గట్టి హక్కు లేదు. జీతం ఉంది, అంతే.

సికింద్రాబాద్‌కు సొంతమైన కథ మరొకటి ఉంది. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల్లో నిజాం రైల్వే నాటి నుంచి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. ఇంజను డ్రైవర్లు, గార్డులు, వర్క్‌షాపు ఫోర్‌మన్లు, టీచర్లు. రైల్వే, తంతి తపాలా ఉద్యోగాల్లో వాళ్లకున్న ప్రత్యేక వెసులుబాటును రాజ్యాంగం పదేళ్లకే పరిమితం చేసింది. 1960తో అది ముగిసింది. ఆ ముందూ వెనకా ఇళ్లకు ఇళ్లు ఖాళీ అయ్యాయి. తొలుత ఇంగ్లండ్ వెళ్లారు. 1962లో అక్కడ వలస చట్టం వచ్చి ద్వారం సన్నబడింది. ఆస్ట్రేలియా తన శ్వేత విధానాన్ని 1966లో సడలించి 1973లో పూర్తిగా వదిలేసింది. అప్పుడు పెర్త్, మెల్‌బోర్న్ వైపు తిరిగారు. ఒకే కాలనీలో పెరిగిన అన్నదమ్ములు ఒకరు లండన్‌లో, ఒకరు పెర్త్‌లో స్థిరపడ్డారంటే కారణం ఇష్టాయిష్టాలు కాదు. ఎవరికి పాతికేళ్లు వచ్చిన ఏడాది ఏ ద్వారం తెరిచి ఉందో వాళ్లు అటు పోయారు. ఇప్పటి మన పిల్లల పరిస్థితీ అంతే. 2015లో చదువు ముగించినవాడికీ 2025లో ముగించినవాడికీ దేశాల జాబితా ఒకటి కాదు. కాబట్టి పదేళ్ల కింద వెళ్లిన మేనమామ సలహాను గౌరవించవచ్చు, గుడ్డిగా పాటించకూడదు.

అమెరికా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం మన దేశానికి వచ్చే ప్రవాసుల డబ్బులో 27.7 శాతం అమెరికా నుంచి, 19.2 శాతం యూఏఈ నుంచి వస్తోంది. 2016-17లో యూఏఈదే పైచేయి. రాష్ట్రాల వారీగా తెలంగాణకు అందే వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.4 శాతం. అమెరికా యూఏఈని దాటడం వెనక మన ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వెళ్లిన లక్షల మంది ఉన్నారు.

మంచి రోజున అమెరికాకు సాటి లేదు. ఆ జీతం, ఆ విశ్వవిద్యాలయాలు, కష్టపడితే సంస్థ పగ్గాలే చేతికొచ్చే వాతావరణం మరెక్కడా ఆ స్థాయిలో దొరకవు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌కు, శంతను నారాయణ్ అడోబీకి అధిపతులు కావడం ఇక్కడి తల్లిదండ్రులందరికీ కంఠతా వచ్చిన సంగతి. నాదెళ్ల జీవితంలోనే అంతగా చెప్పుకోని ముచ్చట ఒకటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాడి భార్య అమెరికా రావాలంటే అప్పట్లో ఏళ్ల తరబడి ఆగాలి; హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాడి భార్య మాత్రం వెంటనే రావచ్చు. అందుకని 1994లో ఆయన చేతిలో ఉన్న గ్రీన్‌కార్డును తిరిగి ఇచ్చేసి హెచ్-1బీ తీసుకున్నాడు. ఆ సంగతి ఆయనే 2017లో తన పుస్తకంలో రాశాడు. ఎంతటి ప్రతిభావంతుడినైనా అక్కడి చట్టం ఇల్లాలికీ హక్కుకూ మధ్య నిలబెట్టి ఏదో ఒకటి కోరుకోమంటుంది.

ఇప్పుడు చెడ్డ రోజు. హెచ్-1బీ మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే మరో సంస్థ వెతుక్కోవడానికి ఉన్న గడువు 60 రోజులు. ఇంటి రుణం, పిల్లల బడి, కారు వాయిదాలు ఆ 60 రోజుల్లోనే సర్దుకోవాలి. గ్రీన్‌కార్డు ఉంటే ఈ బెంగ లేదు, కానీ ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు లక్షా 40 వేలు. ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదని నిబంధన. నూట నలభై కోట్ల భారతదేశానికీ నాలుగు లక్షల మంది ఉన్న ఐస్‌లాండ్‌కూ ఒకటే కొలత. అందుకే మనవాళ్ల వరస పది లక్షలు దాటింది. అమ్మానాన్నల వీసా మీద పసితనంలో వెళ్లిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ నీడ తొలగిపోతుంది; తెలుగు సరిగా రాని పిల్లవాడు ఎన్నడూ ఉండని దేశానికి 'తిరిగి' రావలసి వస్తుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. ఆ ఏడాది జనవరిలోనే, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అక్కడ పుట్టే బిడ్డల పౌరసత్వం మీద కూడా ఉత్తర్వు వచ్చింది. న్యాయస్థానాలు దాన్ని అడ్డుకున్నాయి.

ఇంటి మనిషి హఠాత్తుగా పోయిన రోజు ఎలా ఉంటుందో ఒక కేసు చెబుతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేథా‌లో శ్రీనివాస్ కూచిభొట్ల జాతి విద్వేషపు తూటాకు బలయ్యాడు. అంత్యక్రియలకు ఆయన మృతదేహంతో హైదరాబాద్ వచ్చిన భార్య సునయన దుమాలకు ఇంకో దెబ్బ తగిలింది. ఆమె అక్కడ ఉండే హక్కు భర్త వీసాకు ముడిపడి ఉంది. భర్త పోవడంతో తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. ఏళ్ల తరబడి ఉన్న ఇల్లు, చేస్తున్న ఉద్యోగం అక్కడే ఉన్నాయి. అమెరికా కాంగ్రెస్ సభ్యుడొకరు పూనుకుంటే తప్ప ఆమె వెనక్కి వెళ్లలేకపోయింది. ఏ దేశమైనా సరే, 'నాకేమైనా అయితే నా భార్య వీసా ఏమవుతుంది?' అని వెళ్లే ముందే అడిగి తెలుసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి ఆ కేసే కారణం. ఈ విషయంలో యూఏఈ మెరుగు: భర్త చనిపోయిన లేదా విడాకులు పొందిన స్త్రీకి స్పాన్సర్ లేకుండానే ఏడాదిపాటు ఉండే వీలును 2018లో కల్పించింది.

చదువు పేరిట వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అన్నది అమెరికా అధికారులే పన్నిన వల అని తేలింది. అప్పటికి పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. తరగతులే జరగని కాలేజీలో చేరడం ఆ పిల్లల తప్పే. కానీ లక్షల అప్పు నెత్తిన ఉన్న ఇరవై మూడేళ్ల కుర్రవాడికి తప్పుదారి దగ్గరి దారిలా కనిపిస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపే తండ్రి ఆ సంగతి ఆలోచించాలి.

కెనడా, ఆస్ట్రేలియాల బలం శాశ్వత నివాసం. ఉద్యోగం పోయినా ఆ హక్కు పోదు. 60 రోజుల గడియారం ఉండదు. కెనడా 2015లో తెచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసు, చదువు, ఇంగ్లీషు, అనుభవాలకు మార్కులు వేసి నెలల్లో తేల్చేసేవారు. అయిదేళ్లలో 1,095 రోజులు ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. అమెరికా వరసలో విసిగిన తెలుగు ఇంజినీర్లు డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి టొరంటోకు సామాను సర్దుకున్నది ఇందుకే. అయితే ఆ ద్వారం 2024 నుంచి సన్నబడింది. విద్యార్థి అనుమతులకు పరిమితి పెట్టారు. విద్యార్థి చేతిలో చూపాల్సిన డబ్బు ఆ ఏడాదే 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెరిగింది. శాశ్వత నివాసుల లక్ష్యాన్ని 2025కు 3 లక్షల 95 వేలకు దించారు. వైద్యం ఉచితమే గాని, డాక్టరు రాసిచ్చిన రోజు నుంచి చికిత్స దాకా ఫ్రేజర్ ఇన్‌స్టిట్యూట్ 2024లో లెక్కగట్టిన మధ్యస్థ నిరీక్షణ 30 వారాలు. మోకాలి నొప్పికి మర్నాడే నిపుణుడిని చూపించుకునే సికింద్రాబాద్ మనిషికి ఇది మింగుడుపడదు. మన డాక్టర్లకు, నర్సులకు ఇక్కడి పట్టా అక్కడ నేరుగా చెల్లదన్నది ఇంకో చేదు. చదివిన చదువు పక్కన పెట్టి గోదాముల్లో డబ్బాలు సర్దినవాళ్లు ఎందరో.

ఆస్ట్రేలియా లెక్క కొంచెం నిలకడగా ఉంది. మార్కుల పద్ధతే, కనీసం 65 కావాలి, 45 ఏళ్లు దాటితే కుదరదు. ఆ మార్కుల్లో 5 మన తెలుగే తెచ్చిపెట్టగలదు: 'నాటి' (NAATI) అనే అనువాదకుల గుర్తింపు సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్షలో ఇంగ్లీషు సంభాషణను తెలుగులోకి, తెలుగును ఇంగ్లీషులోకి అప్పటికప్పుడు మార్చి చెప్పాలి. ఇంగ్లీషు మీడియంలోనే పెరిగిన మన పిల్లలు 'అద్దె ఒప్పందం', 'రక్తపోటు', 'వాంగ్మూలం' లాంటి మాటలు ఆ పరీక్ష కోసం కూర్చుని నేర్చుకుంటున్నారు. శాశ్వత నివాసం వచ్చిన మనిషికి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా అందుతుంది. నిరుద్యోగ భృతికి మాత్రం కొత్తవాళ్లు నాలుగేళ్లు ఆగాలి. చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు భారం పెరిగింది: విద్యార్థి వీసా రుసుము 2024 జులైలో 710 నుంచి 1,600 డాలర్లకు, మరుసటి ఏడాది 2,000కు పోయింది.

జర్మనీని మనవాళ్లు తక్కువ అంచనా వేశారనిపిస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ఖాతాలో చూపితే చాలు. బ్లూకార్డు అనే ఉద్యోగ అనుమతి మీద పనిచేస్తూ జర్మన్ భాష బీ1 స్థాయికి నేర్చుకుంటే 21 నెలల్లో శాశ్వత నివాసం. 2024 జూన్ చట్టంతో అయిదేళ్లకే పౌరసత్వం. చెడ్డ రోజు గీటురాయి మీద జర్మనీ మెరుస్తుంది: ముప్పై నెలల్లో పన్నెండు నెలలు చందా కట్టిన ఉద్యోగికి పని పోతే తన నికర జీతంలో 60 శాతం, బిడ్డలుంటే 67 శాతం కొన్ని నెలలు వస్తుంది. ఇది దానం కాదు, కట్టిన చందాకు ప్రతిఫలం. అడ్డంకి ఒక్కటే, భాష. ఇంగ్లీషుతో నెట్టుకొస్తానని వెళ్లినవాడు బెర్లిన్‌లో ఉద్యోగం సంపాదించుకోవచ్చు గాని, మునిసిపల్ కార్యాలయం కౌంటరు దగ్గర, పిల్లవాడి టీచరు దగ్గర నోరు పెగలక నిలబడతాడు. భాష మీద రెండేళ్లు వెచ్చించే ఓపిక ఉన్న మెకానికల్ ఇంజినీరుకు, నర్సుకు నేను ముందు చెప్పే పేరు ఇదే.

బ్రిటన్ గురించి ఎక్కువ చెప్పను. 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు లేదు, నైపుణ్య వీసాకు కనీస జీతం 2025 జులైలో 41,700 పౌండ్లకు చేరింది, అదే నెలలో వృద్ధుల సంరక్షణ పనికి విదేశాల నుంచి కొత్త నియామకాలు ఆపేశారు. పని పోతే అక్కడా 60 రోజులే. సింగపూర్‌లో ఉద్యోగ పాసు రద్దయితే గడువు ఇంకా తక్కువ, 30 రోజులు. శాశ్వత నివాసం తీసుకుంటే మగపిల్లలు రెండేళ్లు సైనిక సేవ చేయాలి.

గల్ఫ్‌ను ఈ దేశాల సరసన పెట్టి చూడటమే సరికాదని కొందరంటారు. తెలంగాణలో ఎక్కువ పల్లెలకు విదేశమంటే అదే కాబట్టి పెట్టక తప్పదు. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ నుంచి ఒకప్పుడు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయి పోయి, అక్కడ ఏజెంటు గదుల్లో వారాల తరబడి పడిగాపులు పడి దుబాయ్ విమానం ఎక్కేవారు. ఆ పాట్లు ఇప్పుడు లేవు గాని, అప్పు అలాగే ఉంది. కఫీల్ (స్పాన్సరు) దగ్గర 'ఆజాద్ వీసా' కొనుక్కుని వెళ్లి వేరేచోట పనిచేస్తే అది అక్కడ నేరం. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, ఇఖామా (నివాస అనుమతి) గడువు ముగిసి, మనిషి 'ఖల్లివెల్లి' అయ్యాక, అంటే కాగితాలు లేనివాడయ్యాక, జబ్బు చేసినా ఆసుపత్రి గడప ఎక్కడానికి భయపడతాడు. ఖతర్ 2018, 2020 సంస్కరణలతో, సౌదీ 2021 మార్చి నుంచి కఫీల్ పట్టును కొంత సడలించాయి. ఇంటిపనికి వెళ్లే ఖద్దామాలకు, గొర్రెలు కాసేవాళ్లకు ఆ సడలింపు ఎక్కువగా అందలేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి 5 లక్షల రూపాయలు ఇస్తోంది. శంషాబాద్‌లో దిగిన పెట్టెను ఊరికి చేర్చే అంబులెన్సూ ప్రభుత్వానిదే. ఇలాంటి ఏర్పాటు అవసరం పడిందంటేనే ఆ పల్లెలు ఏం మోస్తున్నాయో తెలుస్తుంది.

చదువుకున్న ఉద్యోగికి గల్ఫ్ వేరే రకంగా ఉంటుంది. దుబాయ్‌లో ఆదాయపు పన్ను లేదు, హైదరాబాద్ నాలుగు గంటల దూరం, బడిలో మన సిలబస్సే. పని మానేసినప్పుడు మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన 30 రోజులది గ్రాట్యుటీగా వస్తుంది. 2023 నుంచి ఉద్యోగం పోయినవారికి బీమా కూడా పెట్టారు: మూడు నెలల వరకు మూల వేతనంలో 60 శాతం. కానీ ఎన్నేళ్లు ఉన్నా పౌరుడివి కావు. సౌదీ 2017లో కుటుంబ సభ్యులకు తలా నెలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టి ఏటా పెంచుతూ 400కు తెచ్చింది. భార్య, ముగ్గురు బిడ్డలు ఉన్నవాడు నెలకు 1,600 రియాళ్లు ఎక్కడ తెస్తాడు? టోలీచౌకీ, మెహదీపట్నం వైపు ఎన్నో కుటుంబాలు తిరిగి వచ్చి తండ్రి ఒక్కడే అక్కడ మిగిలాడు. గల్ఫ్ సంపాదనకు మంచిది, స్థిరపడటానికి కాదు. వెళ్లే రోజే తిరిగొచ్చే ఏడాది రాసిపెట్టుకున్నవాళ్లే అక్కడ గెలిచారు.

ఇక ఈ ఊళ్లో ఎక్కువ ఇళ్లను బాధపెట్టే విషయానికి వస్తాను. వెస్ట్ మారేడ్‌పల్లిలో, సైనిక్‌పురిలో సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్లలో చాలామంది పిల్లలు బయటి దేశాల్లోనే. మందుల దుకాణంలో ఒక్కోసారి భార్యాభర్తలు కలిసి వస్తారు. బీపీకి, షుగరుకు, థైరాయిడ్‌కు ఆరు నెలల మాత్రలు ఒకేసారి కావాలంటారు. దుకాణదారు అట్టలు లెక్కపెట్టి, డాక్టరు చీటీకి జతచేసి, విమానాశ్రయంలో అడిగితే చూపడానికి బిల్లు మీద మందు అసలు పేరు విడిగా రాసిస్తాడు. పెద్దాయన ఆ బిల్లును ప్రయాణ బీమా కాగితంతో కలిపి మడిచి పెట్టుకుంటాడు. ఆ బీమా కాగితం మీద ముందే ఉన్న జబ్బులకు వర్తించదని రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వాళ్లను ఆ ఆరు నెలలూ నిద్రపోనివ్వదు.

తల్లిదండ్రుల విషయంలో దేశాల వరస తలకిందులవుతుంది. బిడ్డను పాతికేళ్లు వరసలో నిలబెట్టే అమెరికా, పౌరసత్వం వచ్చిన మరుక్షణం అమ్మానాన్నలకు మాత్రం కోటా లేకుండా గ్రీన్‌కార్డు ఇస్తుంది. బిడ్డకు చప్పున తలుపు తీసే ఆస్ట్రేలియా తల్లిదండ్రుల్ని బయటే ఉంచుతుంది: మామూలు పేరెంట్ వీసాకు నిరీక్షణ ముప్పై ఏళ్ల పైమాట, డబ్బు కట్టి తొందరగా తెచ్చుకునే దారిలో తలా దాదాపు 48 వేల డాలర్లు, అయినా పన్నెండేళ్ల పైనే పడుతుంది. కెనడాలో స్పాన్సర్‌షిప్ లాటరీ. ఒకసారి వస్తే అయిదేళ్ల దాకా ఉండనిచ్చే సూపర్ వీసా కొంత ఊరట. జర్మనీ 2024 మార్చి తర్వాత అనుమతి పొందిన నైపుణ్య కార్మికుల తల్లిదండ్రుల్ని, అత్తమామల్ని కూడా రానిస్తోంది. కాకపోతే ఆ వయసువాళ్లకు అక్కడ ఆరోగ్య బీమా దొరకడం కష్టం. ఒక్కడే కొడుకు, ఒక్కతే కూతురు ఉన్న ఇంట్లో నేనైతే జీతం కంటే ముందు ఈ సంగతే చూస్తాను.

ఇక్కడి చట్టం కూడా ముందే తెలిసి ఉండాలి. మన రాజ్యాంగంలో రెండు పౌరసత్వాలకు చోటు లేదు. 2022లో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓసీఐ కార్డులు అందజేశారు. అది జీవితకాలపు వీసా, పౌరసత్వం కాదు, ఓటు ఉండదు. సాగుభూమి కొనే వీలు ఓసీఐకే కాదు, భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసికీ లేదు. వారసత్వంగా రావచ్చు, అంతే. ఎకరం పొలం కొని ముసలితనంలో వచ్చి చూసుకుంటానని కలలు కనేవాళ్లలో సగం మందికి ఈ మాట తెలియదు.

పింఛను సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. జర్మనీతో, కెనడాతో, ఆస్ట్రేలియాతో భారతదేశానికి సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. అమెరికాతో లేదు. అక్కడ ఉద్యోగి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి కోత పడుతూనే ఉంటుంది. పదేళ్లు నిండకుండా తిరిగొస్తే ఆ పింఛను హక్కు రాదు. ఎనిమిదేళ్లు పనిచేసి అమ్మకు బాగోలేదని సర్దుకుని వచ్చిన కొడుకు ఆ డబ్బు వదులుకుని వచ్చినట్టే.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకున్నాక నా వరస ఇది. అప్పు లేకుండా, మంచి విశ్వవిద్యాలయంలో సీటు వచ్చి, పదేళ్ల అనిశ్చితిని తట్టుకోగల ఒంటరి కుర్రవాడికి, కుర్రదానికి ఇప్పటికీ అమెరికా. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ముప్పై దాటిన జంటకు, బిడ్డ ఉన్నవాళ్లకు ఆస్ట్రేలియా, తలుపు మళ్లీ వెడల్పయితే కెనడా. చేతిలో నైపుణ్యం ఉండి భాషకు భయపడనివాళ్లకు జర్మనీ. ఇక్కడ ఇల్లు కట్టాలనో, చెల్లి పెళ్లి చేయాలనో పోయే మనిషికి గల్ఫ్. అయితే భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరున్న ఏజెంటు ద్వారానే పోవాలి. ఆ ఏజెంటు తీసుకోగలిగిన సేవా రుసుము, జీఎస్టీ కాకుండా, 30 వేలకు మించకూడదు. లక్షన్నర అడిగాడంటే అక్కడే లేచి రావాలి. పదో తరగతి తప్పినవాళ్లకు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు వస్తుంది. వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. ఆ కాగితం నకలు పెట్టెలో కాకుండా ఇంట్లో భార్య దగ్గర ఉంచి వెళ్లాలి.

ఏ దేశమైనా టికెట్టు కొనే ముందు అక్కడ అయిదారేళ్లుగా ఉంటున్న మనవాళ్లను ఇద్దరు ముగ్గురిని పట్టుకుని మాట్లాడటం మంచిది. కన్సల్టెన్సీవాళ్లు పరిచయం చేసినవాళ్లు వద్దు. పండుగ ఫొటోలు పెట్టేవాళ్లకంటే, ఒకసారి ఉద్యోగం పోగొట్టుకుని నిలదొక్కుకున్న మనిషి దొరికితే ఆయన్నే అడగండి. ఆ నెలల్లో అద్దె ఎలా కట్టారు, బిడ్డకు జ్వరం వస్తే ఎక్కడ చూపించారు, మీ ఆవిడ వీసా ఏమైంది అని.